నొక్కు తీసిన ఇత్తడి

వెర్లిన్ హౌగె ఆఖరుగా చేసిన పని బల్ల మీది ఇత్తడి రజను ఊడ్చటం. పాత రంగు కుంచె ఒకటి అందుకోసమే ఉంచుకున్నాడు. రజనంతా బల్ల అంచుకు చేర్చి, ఖాళీ కాఫీ డబ్బాలోకి దులిపి, కుంచెను బల్లకేసి తట్టి మేకుకు తగిలించాడు. తర్వాత నేల మీద చీపురు వేశాడు. భార్య ఆర్డిస్ ఉత్త మేజోళ్ళతోనే గరాజులోకి వచ్చేస్తుంది. ఆ రజను మేజోళ్ళకు అంటుకుని ఇల్లంతా తిరుగుతుంది, దాని వెనకే ఆమె నోరూ తిరుగుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలోనే అతనికి ఆ సంగతి తెలిసింది.

"కాఫీ తాగి పోరా," అన్నాడు బావమరిదితో.

"పొద్దుగూకుతోంది బావా. దారిలో జింకలు అడ్డమొస్తాయి," అన్నాడు ఆరిన్ ట్వైట్.

"అయితే పో."

వాళ్ళిద్దరి మధ్య ఆఖరు మాట అదే. మర్నాడు పొద్దున వెర్లిన్ లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. ఆ తర్వాత ఆరిన్ ఆ మాటను ఎన్ని రకాలుగా నెమరేసుకున్నా అందులో కోపం కనబడలేదు. కోపం ఉండి ఉంటే ఒకందుకు నయంగా ఉండేది.

వెర్లిన్ గొప్పవాడేమీ కాదు. రైలు పట్టాల పక్కనున్న ధాన్యపు గిడ్డంగిలో గోధుమ లారీలు తూచే పనిలో చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే పని మానుకున్నాడు. మధ్యలో ఒకసారి క్యాన్సరు వచ్చి, మందులతో తగ్గింది. తేమ కొలిచే యంత్రం పక్కనే ఉన్నా, గింజను పంటి కింద కొరికి ఏదో ఒక అంకె చెప్పేవాడు. యంత్రం అతనితో ఎప్పుడూ ఏకీభవించేది కాదు. రైతులు నవ్వేవాళ్ళు. అతనూ నవ్వి, వెనకాల వచ్చిన లారీలో గింజను మళ్ళీ కొరికేవాడు.

ఆ లారీలు తోలుకొచ్చే రైతుల్లో ఆరిన్ ఒకడు. తన అక్కను చేసుకున్నవాడన్న బిగువుతో మొదట్లో ముక్తసరిగా మాట్లాడేవాడు. ఒక ఏడు ఇద్దరూ కలిసి మిస్సోరీ నది లోయల్లోకి ఎల్కు దుప్పుల వేటకు పోయారు. మంచులో బండి కూరుకుపోయి, ఒక్క దుప్పటి కింద తెల్లవార్లూ వణికారు. తెల్లారేసరికి బిగువు పోయింది. అప్పటినుంచి ఏటా గోధుమ కోతలయ్యాక, గడ్డి పసుపుపచ్చబారి గాలి కోత పెట్టటం మొదలయ్యాక, ఇద్దరూ చలికాలపు మాంసం కోసం ఆ లోయల్లోకి పోవటం మామూలైంది.

తుపాకులు ఎవరివి వారివే. తూటాలు మాత్రం ఇద్దరివీ వెర్లిన్ చేసేవాడు. ఇది చిన్న సంగతి కాదు. ఇంకొకడు కూర్చిన తూటాను నీ తుపాకీలో పెట్టకు అన్నది ఆ వైపు మగవాళ్ళు కొడుకులకు మొట్టమొదట నేర్పే మాట. అన్నం పెట్టిన చేతినైనా సరే ఆ విషయంలో నమ్మరు. ఆరిన్ తన తండ్రి చేసినవి కూడా కాల్చలేదు. ఒక్క బావవి మాత్రం మారుమాట లేకుండా పెట్టుకునేవాడు. కాల్చిన ఖాళీ తొడుగులు ఏరి జేబులో వేసుకొచ్చి అతని బల్ల మీద పోసేవాడు. మళ్ళీ ఏడాదికి అవి నిండి తిరిగొచ్చేవి.

ఆ తొడుగులు సైన్యం కాల్చి పారేసినవి. వెర్లిన్ పినతండ్రి ఎక్కడో గార్డు దళంలో పనిచేసి వస్తూ వస్తూ బకెట్ల కొద్దీ తెచ్చి, చనిపోతూ ఇతనికి అప్పగించాడు. వాటితో ఒక తంటా ఉంది. తూటా వెనక పప్పుబద్దంత గుంటలో ప్రైమర్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. తుపాకీ సూది దాన్ని పొడిస్తేనే లోపలి మందు అంటుకుంటుంది. సైన్యం వాళ్ళు ఆ బిళ్ళ అదురుకు ఊడిపోకుండా గుంట అంచును చుట్టూ లోపలికి నొక్కేస్తారు. కాల్చాక పాత బిళ్ళను పొడిచి తీసేయొచ్చు గాని, నొక్కు అలాగే మిగిలిపోతుంది. దాని మీద కొత్త బిళ్ళ పెడితే అడుగంటా దిగదు, కాస్త తలెత్తి ఉంటుంది. అందుకని ఒక్కొక్క తొడుగునూ చేతిలో పట్టుకుని, పిడికి బిగించిన చిన్న కోత పనిముట్టుతో ఆ నొక్కును గీసి తీసేయాలి. తక్కువ గీస్తే నొక్కు మిగులుతుంది, ఎక్కువ గీస్తే గుంట వదులై తొడుగే పనికిరాకుండా పోతుంది. అది కుదిరాక ముందు వైపు మూతి అంచును కూడా గీకి నున్నగా చేయాలి. అప్పుడే సీసపు గుండు ఒరుసుకోకుండా మెత్తగా కూర్చుంటుంది.

"కొట్లో నొక్కు లేనివి దొరుకుతాయిగా బావా, ఎందుకీ గీకుడు," అని ఆరిన్ అడగని ఏడాది లేదు.

"సైన్యం ఇత్తడి దళసరిరా. మీ అక్కలాగా. మొదట కాస్త గీకాలి గాని, తర్వాత జీవితాంతం మన్నుతుంది."

ఇదంతా కిందటేడు నవంబరు దాకా నడిచింది.

ఆ నవంబరులో ఒక సాయంత్రం ఆరిన్ ఒక్కడే లోయ అంచున కూర్చున్నాడు. గాలి ఎదురుగా ఉంది. పెద్ద కొమ్ముల దుప్పి ఒకటి పొదల్లోంచి వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. అంత తేరగా నిలబడటం అతను తన జన్మలో చూడలేదు. ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. టిక్కుమంది, అంతే. దుప్పి తలెత్తి, ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు అతని వైపు చూసింది. పేలని తూటాను వెంటనే లాగకూడదు. ఆలస్యంగా పేలొచ్చు గనక గొట్టం అటే ఉంచి కాసేపు ఆగాలి. ఆ కాసేపట్లో అది తాపీగా గట్టు దాటిపోయింది.

బండి దగ్గర వెర్లిన్ ఆ తూటాను టార్చిలైటు కింద చాలాసేపు తిప్పి చూశాడు. మర్నాడు కంకర గోతిలో దాన్నే తన తుపాకీలో పెట్టి మళ్ళీ కాల్చాడు. ఈసారి పేలింది.

"బిళ్ళ పైకుంది," అన్నాడు. "మొదటి దెబ్బకు కిందికి దిగింది, రెండో దెబ్బకు పేలింది. నొక్కు పూర్తిగా తీయలేదు. తప్పు నాదే."

"వయసు బావా. ఇద్దరికీ వచ్చిపడింది. ఇకనుంచి కొట్లో కొనుక్కుందాంలే."

తేలిగ్గానే అన్నాడు ఆరిన్. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, చలిగా ఉంది, త్వరగా ఇంటికి పోవాలని ఉంది. వెర్లిన్ దారి పొడుగునా పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు కాగితపు గ్లాసులో ఉమ్ముతూ కూర్చున్నాడు.

ఆ చలికాలమంతా వెర్లిన్ గరాజులోనే గడిపాడు. బకెట్లన్నీ బోర్లించి, ఇదివరకు గీసినవి కూడా మళ్ళీ మొదటినుంచీ చూడటం మొదలుపెట్టాడు. అప్పుడే కొత్తగా ఒక అలవాటు పట్టుకుంది. గీసిన ప్రతి తొడుగునూ వెనకవైపు కింది పెదవికి ఆనించి, కళ్ళు సగం మూసి, మెల్లగా అటూ ఇటూ తిప్పేవాడు. తర్వాత డబ్బాలో వేసేవాడు, లేదంటే మళ్ళీ పనిముట్టు కింద పెట్టేవాడు. అంతకుముందు అందరిలాగే చూపుడు వేలితో తడిమేవాడు. గాలానికి ఎర గుచ్చి దాని మీద ఉమ్మేసే చేపలవాళ్ళు ఉంటారు. ఇదీ అలాంటి నమ్మకమేననుకున్నాడు ఆరిన్. తూటా మొరాయించాక పట్టుకున్న మొక్కుబడి అనుకున్నాడు. మొక్కుబళ్ళతో తూటాలు పేలవు. ఈ ఏడు కోతలయ్యాక ఊళ్ళో కొట్లో ఒక తూటాల పెట్టె కొని బండి సీటు కింద పెట్టుకున్నాడు.

ఆ సంగతి బావతో ఎలా చెప్పాలో తెలియక ఎన్నో వారాలు నానబెట్టి, ఆఖరికి వెర్లిన్ చివరి రోజు మధ్యాహ్నం వెళ్ళాడు.

వెర్లిన్ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద కౌబాయ్‌లు వేసుకునే ముత్యాల రంగు టిచ్ బటన్ల చొక్కా. రెండేళ్ళుగా అవే వేస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక గుర్రమెక్కని మనిషి.

"ఏం కౌబాయ్, పశువులన్నీ తోలేశావా?" అన్నాడు ఆరిన్ స్టూలు లాక్కుంటూ.

"ఒకటి ఇప్పుడే దానంతటదే వచ్చింది. గడ్డి వేయనా?"

ఆరిన్ సగమే నవ్వాడు. నవ్వటానికి కూడా ఓపిక లేనట్టుంది ఆ రోజు. వానలు లేక పంట సగమే వచ్చింది. పొలం అన్న కొడుక్కి ఒప్పజెప్పే మాటలు నడుస్తున్నాయి. చేతికి ఏదో ఒక పని ఉండాలని, బల్ల మీదున్న వేజలీన్ డబ్బా మూత తీసి, తన జేబుకత్తి బందుకు కాస్త పూద్దామని వేలు పెట్టబోయాడు.

"అది ముట్టుకోకు," అన్నాడు వెర్లిన్, కొంచెం విసురుగానే. "నూనె అక్కడుంది, నూనె వాడు."

"సరేలే. నీ వేజలీన్ నువ్వే దాచుకో."

వెర్లిన్ మరో తొడుగు గీశాడు. సన్నటి ఇత్తడి వెంట్రుకలు బల్ల మీద రాలాయి. దాన్ని పెదవికి ఆనించి తిప్పుతుంటే ఆరిన్ ఉండబట్టలేకపోయాడు.

"మా అక్కకు ఇన్ని ముద్దులు పెట్టుంటే ఇంట్లో ఈపాటికి గొడవలే ఉండేవి కాదు."

"మీ అక్క నొక్కు తీయటం ఏ పనిముట్టుకూ చేతకాదురా."

"నెత్తురు, బావా."

"ఎక్కడ?"

"బొటనవేలు చూసుకో."

బొటనవేలి పక్క ఇత్తడి ముల్లు గుచ్చుకుని, నెత్తురు మణికట్టు దాకా గీతలా దిగి ఉంది. వెర్లిన్ దాన్ని ఎవరి చేతినో చూసినట్టు చూసి, గుడ్డతో తుడుచుకున్నాడు.

"వచ్చినప్పటినుంచీ ఏదో మింగుతున్నావు," అన్నాడు గుడ్డ చుట్టుకుంటూ. "కక్కేయ్."

"ఏం లేదు."

"కొట్లో గ్లెన్నా చెప్పిందిలే. పెట్టె కొన్నావట."

"దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"నీ నోట్లో మాత్రం బాగా నానింది. గుడ్డు పెట్టే చోటు దొరకని కోడిలాగా గంటనుంచీ నా బల్ల చుట్టూ తిరుగుతున్నావు."

ఆరిన్ నేల చూపులు చూశాడు. "అది కాదు బావా. నీ మీద నమ్మకం లేక కాదు."

"నమ్మకం లేకే. లేకపోవటం తప్పు కాదు. నేనైనా అంతే చేద్దును."

వంటింట్లో ఆర్డిస్ రేడియో వింటోంది, గోధుమ ధర చెబుతున్నారు. వెర్లిన్ లేచి, బల్ల కింది అర నుంచి నీలం ప్లాస్టిక్ పెట్టె తీసి, రెండు చేతులతో పట్టుకుని ఆరిన్ ఒళ్ళో పెట్టాడు. లోపల తూటాలు వరసగా తలకిందులుగా నిలబడి ఉన్నాయి. వెనక బిళ్ళలన్నీ అంచుకు ఒక్క పిసరు లోపలికి దిగి, సమంగా ఉన్నాయి.

"ఈ ఏడు ఇవి పట్టుకెళ్ళు. ఈ ఒక్క ఏడే. ఇందులో ఏదైనా టిక్కుమందా, తూటాలు కూర్చే ఆ ప్రెస్సు ఊడదీసి పాత ఇనుము కింద వేసేస్తాను. మళ్ళీ నిన్ను అడగను."

"చూద్దాంలే."

"చూద్దాం అంటే మీ ఇంట్లో కాదని అర్థం. పెళ్ళికి ముందు మీ అక్కా అదే అంది."

"అయినా చేసుకుందిగా."

"నేననేదీ అదే."

ఆరిన్ పెట్టె తీసుకున్నాడు. పట్టుకెళ్ళి వాడతానని మాత్రం అనలేదు. వెర్లిన్ అతని మొహం వంక ఒకసారి చూసి, గోడ మీది కుంచె అందుకుని రజను ఊడవటం మొదలుపెట్టాడు.

నేల ఇంకా గడ్డకట్టలేదు గనక గొయ్యి తవ్వటం కష్టం కాలేదు. ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో అందరూ హామ్ పెట్టిన రొట్టెలు, బంగాళాదుంపల కూర తిన్నారు, పల్చటి కాఫీ తాగారు. గిడ్డంగిలో పనిచేసినవాళ్ళు వచ్చి, గింజ కొరికే సంగతి చెప్పుకుని నవ్వారు. ఆర్డిస్ ప్రతివాళ్ళనూ "తిన్నారా?" అని అడిగింది. ఎవరో ఆరిన్ భుజం మీద చెయ్యి వేసి, ఈ ఏడు వేటకు పోతావా అన్నారు. చూద్దాం అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక కాఫీ కప్పు కింద పెట్టి బయటికి పోయి బండిలో కూర్చున్నాడు.

వేట కాలం మొదలై సగం గడిచిపోయినా అతను కదల్లేదు. పోకపోవటానికి కారణాలన్నీ ఉన్నాయి, మోకాళ్ళు, మంచు, పొలం కాగితాలు. చివరి వారంలో ఒకరోజు ఆర్డిస్ ఫోను చేసింది. ఫ్రీజరులో కిందటేటి మాంసం అయిపోయిందని ఊరికే చెప్పింది. ఆమె ఏదీ ఊరికే చెప్పదు.

తెల్లవారకముందే లోయ అంచుకు చేరాడు. రెండు పెట్టెలూ బండిలో ఉన్నాయి. కొట్టు పెట్టె తీసి, మెరిసే కొత్త తూటాలు తుపాకీలోకి నింపాడు. బండి దిగి, నాలుగడుగులు వేసి, ఆగాడు. అలసటగా ఉంది. నిద్రలేని అలసట కాదది, ఎంత పడుకున్నా తీరనిది. వెనక్కి వచ్చి తూటాలన్నీ ఒక్కొక్కటే బయటికి లాగి కొట్టు పెట్టెలో పెట్టేశాడు. నీలం పెట్టె తెరిచాడు. అవి టిక్కుమంటే ప్రెస్సు ఊడదీసేవాడు ఇప్పుడు లేడు. టిక్కుమన్నా ఎవరికీ చెప్పక్కర్లేదు. చెప్పటానికి మనిషి లేడు కాబట్టే, అవి టిక్కుమనకూడదని అతనికి అంత గట్టిగా అనిపించింది.

పొద్దు పొడిచాక ఆడదుప్పుల మంద ఒకటి వాగు దాటింది. వెనకబడ్డ ఒకదాన్ని చూసి ఆరిన్ బండరాయికి చేరగిలబడ్డాడు. మీట మీద వేలు పెట్టాక కూడా చాలాసేపు నొక్కలేదు. దుప్పి గడ్డి కొరికింది, మళ్ళీ కొరికింది. నొక్కాడు.

తుపాకీ భుజాన్ని తన్నింది. చప్పుడు లోయంతా తిరిగొచ్చింది. దుప్పి రెండడుగులు వేసి కూలబడింది.

ఆ తర్వాత రోజంతా గొడ్డు చాకిరీ. ఒక్కడే దాన్ని చీల్చి, ముక్కలు చేసి, వీపున మోసి, గట్టెక్కి, దిగి, మళ్ళీ మోశాడు. ఇదివరకు ఈ పనిలో సగం వెర్లిన్‌ది, తిట్లన్నీ వెర్లిన్‌వే. ఇప్పుడు తిట్టేవాడు కూడా లేక లోయ మరీ పెద్దదిగా అనిపించింది. ఆఖరి మోతకు ముందు రాయి దగ్గరికి వెళ్ళి, గడ్డిలో వెతికి ఖాళీ తొడుగు ఏరుకున్నాడు. అలవాటుగా జేబులో వేసుకున్నాక, దీన్ని ఎవరి బల్ల మీద పోయాలో గుర్తురాక కాసేపు అలాగే నిలబడ్డాడు.

మర్నాడు మాంసం తీసుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. ఆర్డిస్ వంటింటి బల్ల నిండా వెర్లిన్ బట్టలు పరిచి మడతలు పెడుతోంది, చర్చికి ఇవ్వటానికి.

"కాళ్ళు దులుపుకో," అంది తల ఎత్తకుండా. "ఏది పడింది?"

"ఆడది. లేతదే." జేబులోంచి తొడుగు తీసి బల్ల మీద పెట్టాడు. "బావదే. ఒక్కటే పట్టింది."

ఆర్డిస్ దాని వైపు చూసింది. ముట్టుకోలేదు. "పేలిందన్నమాట."

"పేలింది."

"బతికుంటే నీ ప్రాణం తీసేవాడు, ఏడాది పొడుగునా అదే చెప్పి." ఒక మడత విప్పి మళ్ళీ వేసింది. "ఈ టిచ్ బటన్ల చొక్కాలు నువ్వు తీసుకుపో. నీకు సరిపోతాయి."

"నాకెందుకక్కా ఆ కౌబాయ్ వేషం."

"వేషం కాదురా. గుండీలు పెట్టుకోలేకపోయేవాడు." ఆమె చొక్కా చేతులు సరిచేసింది. "క్యాన్సరుకు ఆ మందులు ఎక్కించాక వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. వేడి తెలిసేది కాదు, తెగినా తెలిసేది కాదు. రెండు చలికాలాలు నేనే గుండీలు పెట్టాను, తర్వాత ఇవి కొన్నాం. వేళ్ళ సంగతి నీకు చెప్పొద్దన్నాడు. తెలిస్తే వీడు నా తూటా ముట్టుకోడన్నాడు."

ఆరిన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కిందటేడు నవంబరు, టార్చిలైటు, తప్పు నాదే అన్న గొంతు, వరసగా గుర్తొచ్చాయి.

"మరి ఈ ఏడు ఇవన్నీ ఎలా చూశాడు," అన్నాడు. "వేళ్ళకు తెలియకపోతే."

"పెదవితో. అక్కడ మాత్రం తెలిసేదట, నొక్కు ఏ మాత్రం మిగిలున్నా. నువ్వు ముద్దులని ఏడిపిస్తుంటే ఊరుకునేవాడు." ఆర్డిస్ ఆఖరి చొక్కా దొంతర మీద పెట్టి, అరచేత్తో అదిమింది. "ఈ చలిగాలికి పెదవి పగిలితే ఇక అదీ తెలియదని భయం. రోజూ పడుకోబోయే ముందు వేజలీన్ పట్టించేవాడు. ఆయన దిండు గలీబులు ఎన్నిసార్లు ఉతికినా ఆ జిడ్డు పోలేదు."